జగజెట్టి యొక్కడేనా?

మన తెలుగున జగజెట్టి యను మాట యొకటి కలదు. సభలో గట్టిగా వాదించి పదిమందిని నోరెత్తనీయనివానిని జగజెట్టి యందుము. తుదకు పెండ్లివిందులో నలుగురి పాలు తానొక్కడే యారగించి లేచువానినిగూడ నవ్వుచు జగజెట్టి యందుము. జెట్టి యనగా మల్లుడు. జ్యేష్ఠ శబ్దమునుండి యీ పదము పుట్టినదని పెద్దలు చెప్పుదురు. జగమున కంతటికి జెట్టి యెవడో వాడు జగజెట్టి. నేటి పత్రికలవారు వరల్డ్ చాంపియన్ అని వ్రాయు మాటకు మనవా రెన్నడో పేరు పెట్టియే యున్నారు. అయితే ఆ పేరు నొక్కని నడుమునకే బిగించి కట్టి, తక్కినవారి కెవ్వరికిని గాదని శాసనము వ్రాసినట్లు మాత్రము కనబడదు. ఏ యూరికి ఆ యూరి జగజెట్టియే.

కుస్తీని వృత్తిగా జేసికొన్నవారిలో ప్రపంచమున కంతటికి నొక్కడే విజేత యుండుట ఆ విద్యకు మేలా, కీడా యనునది నేడు నేను ముచ్చటింపదలచిన విషయము. ఇది పొద్దుపోనివారి ప్రశ్న యని కొందరికి తోచవచ్చును. కాని యీ యొక్క బిరుదునుబట్టి యొక దేశమున వర్తకులు సంఘములు కట్టిరి. ఆ సంఘములమీద ప్రభుత్వము న్యాయస్థానమున కెక్కెను. మన దేశపు మల్లు డొకనికి దక్కవలసిన పేరు పదునెనిమిదేండ్లు తేలక నిలిచిపోయెను. కాబట్టి కొంచెము విచారింపదగినదే.

మొదట మనకు దెలిసిన కథనే తలచుకొందము. విరాటపర్వమున మత్స్యదేశమందు జరిగిన యుత్సవమునకు నానాదేశముల మల్లులు వచ్చిరి గదా! వారిలో జీమూతు డనువాడు రంగమధ్యమున నిలిచి, రండని పిలువగా నొక్కడును గదలడయ్యెను. వినోదము చూడవచ్చిన జనమంతయు నూరక చూచుచుండిరి. అంతట విరాటుడు వంటశాలనుండి వలలుని రప్పించెను. తరువాతి కథ మీ రెరుగుదురు. ఇందు నాకు దోచునది యేమన, జీమూతుడు బలవంతు డగుటచేత నుత్సవము చెడలేదు. ఎదిరి లేకపోవుటచేత జెడినది. ఆ దినమున వంటయింట భీముడు దొరకుట విరాటుని యదృష్టము. ప్రతి రాజునకు నట్టి వంటవాడు దొరకడు.

ఇక చరిత్రకు వత్తము. తిరుమల కొండమీద మహాద్వారము దాటి లోనికి బోవువారు శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహమును, దేవేరు లిద్దరి విగ్రహములను జూచియుందురు. రాయలు 1513 మొదలుకొని పలుమారులు స్వామిని సేవించుకొన్నాడు. ఆ విగ్రహమున ఆయన చేతులు ముకుళించియున్నవి. ఆ చేతులకు వేరొక యభ్యాసముగూడ గలదని 1520 ప్రాంతమున విజయనగరమును జూచిన డొమింగో పేస్ అను పోర్చుగీసువాడు వ్రాసియుంచెను. రాయలు తెల్లవారకమున్నే లేచి కొలత ప్రకారము నువ్వులనూనె త్రాగి, ఒడలెల్ల నూనె పూసికొని, మట్టితో జేసిన బరువుల నెత్తి, ఆ నూనె యంతయు జెమటయై వెడలువరకు కత్తిసాము చేసి, తన మల్లులలో నొకనితో పెనుగులాడి, పిమ్మట గుఱ్ఱమెక్కి తెల్లవారువరకు సవారి చేయునట! ఇది యొకనాటి వేడుక గాదు, నిత్యకృత్యము. రాజే గోదాలో దిగిన దేశమున మల్లవిద్య కాదరణ యెట్లుండెనో వేరుగ జెప్పనేల?

మహర్నవమి దినములలో రాజసమక్షమున జరుగు మల్లయుద్ధములనుగూడ పేస్ వర్ణించెను. అవి తన దేశపు కుస్తీల వంటివి గావనియు, పండ్లూడునట్లు, కన్నులు పోవునట్లు, ముఖములు వికృత మగునట్లు పిడిగ్రుద్దులు గ్రుద్దుకొందురనియు ఆశ్చర్యపడి వ్రాసెను. గెలిచినవారికి రాజు పట్టుబట్టల నిచ్చును. ఈ మల్లుల కందరికి నొక నాయకు డుండును. రాజ్యమున వీరికి వేరొక కొలువు లేదు. ఇక్కడ మనము గమనింపవలసినది యొకటి కలదు. నాయకు డున్నాడు గాని, ఆ నాయకు డందరిని బడగొట్టినవాడని పేస్ చెప్పలేదు. పట్టుబట్ట యొక్కనికే గాదు, గెలిచిన ప్రతివానికి. మరుసటి మహర్నవమికి మరల బట్టలు, మరల పోరు.

అంతకు నాలుగువందల యేండ్ల క్రిందట కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మల్లవినోద ప్రకరణ మొకటి కలదు. అందు మల్లులను జ్యేష్ఠికుడు, అంతరజ్యేష్ఠికుడు, గోవలుడు అని తరగతులుగా విభజించినారు. మన జెట్టికి మూలపురుషు డీ జ్యేష్ఠికుడే గాబోలు. జ్యేష్ఠిక మనునది యొక తరగతి. ఆ తరగతిలో బదిమంది యుండవచ్చును. అందరిపై నొక్కనిని గూర్చుండబెట్టుట మన పాతపద్ధతి గాదని నే ననుట కిదియే యాధారము.

ఇక ప్రపంచమునకంతకు నొక్కడే యను పద్ధతి యెప్పుడు పుట్టినది? 1905లో న్యూయార్కు నగరమున జార్జి హాకెన్‌ష్మిట్ అనువాడు అమెరికా వీరుడగు టామ్ జెంకిన్సును ఓడించి ప్రపంచవిజేత యనిపించుకొనెను. ఇతడు రష్యా సామ్రాజ్యములోని ఎస్టోనియా దేశస్థుడు. 1908లో చికాగోలో ఫ్రాంక్ గాచ్ అను అయోవా రైతుబిడ్డ యీ హాకెన్‌ష్మిట్‌ను ఓడించెను. అమెరికావారి లెక్క ప్రకారము నాటినుండి జగజెట్టి గాచ్.

సరిగా ఆ కాలముననే మన దేశమున గామా యుండెను. అతడు 1878లో అమృతసరమున బుట్టినవాడు. దతియా సంస్థానపు ప్రాపున బెరిగినవాడు. ఎత్తు అయిదడుగుల ఏడంగుళములు మాత్రమే. కాని మెడ, ఛాతి, తొడలు చూచినవారు ఆ యెత్తు సంగతి మరచిపోవుచుండిరట. 1910లో శరత్‌కుమార మిత్ర అను వంగదేశీయు డితనిని, తమ్ముడు ఇమాంబక్షును లండనుకు గొనిపోయెను. అచ్చటి పోటీలో జేరుటకు వీనికి ఎత్తు చాలదని త్రోసివేసిరి! అందులకు గామా, ఏ బరువుగలవారినైనను ముగ్గురిని అరగంటలో బడవేసెదనని ప్రకటించెను. గాచ్‌ను, పోలెండు దేశపు జిబిస్కోను పేరుపెట్టి పిలిచెను. మొదట నెవరును నమ్మలేదు. తుదకు అమెరికా వైద్యుడగు బెంజమిన్ రోలర్ అనువాడు ముందుకు వచ్చెను. గామా యతనిని మొదటిమారు రెండు నిమిషములలోపల, రెండవమారు పది నిమిషములలోపల వెల్లకిల బడవేసెను. తమ్ముడు ఇమాంబక్షు స్విట్జర్లాండువాడగు జాన్ లెమ్మును గెలిచెను.

అంతట 1910 సెప్టెంబరు 10వ తేదీన గామాకును జిబిస్కోకును పోరు జరిగెను. జిబిస్కో గామా పట్టు రుచి చూచిన వెంటనే బోర్లపడి నేల గరచుకొనెను. రెండున్నర గంటలు! గామా లాగును, త్రిప్పజూచును. ఆ పోలెండు కొండ కదలదు. పోరు తేలలేదు. మరల 17వ తేదీన కలిసికొనవలెనని నిర్ణయించిరి. ఆ దినమున గామా వచ్చెను, జిబిస్కో రాలేదు. జాన్‌బుల్ పత్రికవారి పటకా గామాకు దక్కెను. మన దేశమువారు గామాయే జగజెట్టి యనిరి. తరువాత గామా అలహాబాదులో రహీంబక్షు సుల్తానీవాలాను గెలిచి రుస్తుం-ఎ-హింద్ అనిపించుకొనెను.

మరి గాచ్ సంగతి? 1911లో చికాగోలో హాకెన్‌ష్మిట్‌తోనే రెండవమారు పోరాడి గెలిచెను. హాకెన్‌ష్మిట్ అప్పటికి మోకాలి నొప్పితో నుండెను. గామాను మాత్ర మెన్నడు నెదుర్కొనలేదు, 1917లో మరణించెను. ఒక ప్రపంచమునకు అయోవాలో నొక జగజెట్టి, పంజాబులో నొక జగజెట్టి, నడుమ సముద్రము. ఇద్దరు నొక్క గోదాలో నిలువలేదు. ఇక నా ప్రశ్నకు సమాధాన మేనాటికిని దొరకదు.

జిబిస్కో సంగతి వేరు. అతడు 1921లో నొకసారి, 1925లో మరియొకసారి అమెరికాలో ప్రపంచవిజేత యనిపించుకొనెను. 1928 జనవరిలో పటియాలా మహారాజు అతనిని రప్పించి గామాతో మరల గోదాలో దింపెను. అప్పటి కిద్దరును ఏబదియేండ్లకు దగ్గరవారే. లండనులో రెండున్నర గంటలు తేలని పోరు పటియాలాలో నిమిషములోపల తేలినది. జిబిస్కో వెల్లకిల బడెను. అట్లు బడినవాడు రెండుమార్లు జగజెట్టి! బడవేసినవానిని ఆ బిరుదు దరికి రానిచ్చినవారు లేరు. ఇందు తప్పు జగజెట్టి యొక్కడే యుండుటలో నున్నదా? లేదని నా యభిప్రాయము. తలుపునకు గొళ్ళెము పెట్టుటలో నున్నది. బిరుదు నొక్కటి చేసినవారు, పిలిచిన ప్రతి యోగ్యునితో పోరాడవలెనను నియమమునుగూడ దానితో జేర్చియుండిన, గామా వంటివానికి ఒక్క బిరుదు పద్ధతియే మేలు చేసియుండెడిది.

ఇచ్చట మీ రొకటి యడుగుదురు. అమెరికా కుస్తీ నిజమైన కుస్తీయేనా యని. కాదు. ఎవరు గెలువవలెనో తెరవెనుక ముందే నిశ్చయించుకొని యాడు నాటకముగా నది క్రమముగా మారిపోయినది. అంతమాత్రమున దానిని తీసిపారవేయ నక్కఱలేదు. మన చిత్తూరు సీమలో ద్రౌపదమ్మ గుడులకడ ఏటేట భారతము జరుగును. పదునెనిమిదవ నాడు నేలమీద మట్టితో మలచిన దుర్యోధనుని కొండంత బొమ్మ చుట్టును వేషధారులు తిరిగి పోరాడుదురు. గెలుచువాడు భీముడని పసిబిడ్డకును దెలియును. అయినను ప్రొద్దు పొడువకమున్నే జనము విరుగబడి చేరుదురు. ఫలితము తెలిసినంతమాత్రమున రక్తి పోదు. అట్టి నాటకమున నాయకు డొక్కడే యుండవలెను. ఒక భారతమున నిద్దరు భీములుండిన కథ నడువదు. కాబట్టి కుస్తీ నాటక మైనచోట ఒక్క విజేత కావలెననువారి వాదము త్రోసివేయరానిది.

కాని ఆ నాటకమున బిరుదు వర్తకుని సొత్తగును. 1925లో వేన్ మన్ అను ఫుట్‌బాల్ ఆటగానిని, ఆకారము భారీగా నున్నదని, ప్రదర్శకులు ప్రపంచవిజేతను జేసిరి. పాపము, అతనికి పట్లు రావు. ఏప్రిల్ నెలలో ఫిలడెల్ఫియాలో మన జిబిస్కోయే యెదిరిగా వచ్చెను. ముందనుకొన్న కట్టుబాటు ప్రకారము తా నోడవలసినవాడు నిజముగా పోరాడి వానిని బడగొట్టెను. మన్‌ను నమ్ముకొన్న వర్తకులు తెల్లబోయి చూచిరి. ఒక్కడే జగజెట్టి యైనప్పుడు ఆ యొక్కనిని చేజిక్కించుకొన్నవానికి వ్యాపార మంతయు జిక్కినట్లే గదా!

దీనిని నివారించుటకే 1948లో అయోవాలోని వాటర్లూ పట్టణమున కొందరు ప్రదర్శకులు గూడి యొక సమాఖ్య నేర్పరచుకొనిరి. ఒక్కొక్క సీమ యొక్కొక్కనిది. ఒకని సీమలో నింకొకడు జొరబడరాదు. విజేత మాత్ర మందరికి నొక్కడే. మరుసటి యేట లౌ థెజ్ అను నిజమైన పనివాడు విజేత యయ్యెను. ఈ యేర్పాటులో గొప్ప సుఖ మొకటి కలదు. విజేత యూరూర దిరుగును. ఏ యూరికి బోయిన ఆ యూరి వీరుడు వానిని దాదాపు గెలిచినంత పని చేయును. జనము, మనవాడు ప్రపంచవిజేతను ముప్పుతిప్పలు పెట్టెనని పొంగిపోవుదురు. విజేత బిరుదుతో బాటు ఆ యూరి వీరుని వెలయు బెరుగును. ఏడాదిపాటు ఆ పేరుతో ప్రదర్శనలు నిండును. ఒక్క విజేత పద్ధతికి నేనెరిగినంతలో నింతకంటె గట్టి సమర్థనము లేదు.

కీడునుగూడ జెప్పవలెను గదా! సమాఖ్యకు లొంగని ప్రదర్శకునికి విజేత దొరకడు. మాట వినని మల్లునికి ఏ సీమలోను పని దొరకదు. ఇది వర్తకమును బంధించుటయే యని అమెరికా ప్రభుత్వము న్యాయస్థానమున కెక్కగా, 1956లో ఆ సమాఖ్య తన పద్ధతులను మార్చుకొందునని యొడంబడిక వ్రాసి యిచ్చెను. తరువాత బీటలు పడెను. 1960లో నొక శాఖ, 1963లో నొక శాఖ చీలిపోయి తమ తమ ప్రపంచవిజేతలను నిలుపుకొనెను. మన దారాసింగు 1968లో బొంబాయిలో థెజ్‌ను గెలిచి ప్రపంచవిజేత యని కీర్తింపబడునాటికి, పాత సమాఖ్యవారి బిరుదు జీన్ కినిస్కి యనువానికడ నుండెను. దారాసింగును తరువాత టెలివిజను రామాయణమున హనుమంతుడుగా జూచి చేతులు జోడించినవారు ఈ లెక్కలు పట్టించుకొనలేదనుకొనుడు.

2002లో అమెరికాలోని పెద్ద కుస్తీ సంస్థ తన మల్లులను రెండు బృందములుగ విభజించి, కొలదికాలమునకే యిరువురు విజేతలను నిలిపెను. 2007 జూలైలో హిమాచల ప్రదేశములోని పల్లెటూరివాడగు ఖలీ వారిలో నొకడాయెను. ఏడడుగులకు మించిన యా మనిషి పటకా పైకెత్తినప్పుడు మన పల్లెలలోని పిల్లలుగూడ కేకలు వేసిరి. బిరుదు లొక్కటియే యుండిన ఆ వంతు ఖలీకి వచ్చియుండునా యనునది సందేహమే. 2013లో రెంటిని ఒక్కటి చేసిరి; 2016లో మరల రెండు చేసిరి. ఒకటికి విలువ హెచ్చు. రెంటికి సందు హెచ్చు. వర్తకుడు కాలమునుబట్టి త్రాసు త్రిప్పుచుండును.

నాటకమును విడిచి నిజమైన కుస్తీకి వచ్చినచో నా తీర్పు వేరు. 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో సతారా జిల్లావాడగు ఖాశాబా జాదవ్ మల్లయుద్ధమున కంచుపతకము సాధించెను. స్వతంత్రభారతమున కొక వ్యక్తి తెచ్చిన మొదటి ఒలింపిక్ పతక మది. అతడు చిన్న బరువు తరగతివాడు. ప్రపంచమున కంతటికి నొక్కడే యనినయెడల ఆ గోదాలో కొండలవంటివారే నిలుతురు. జాదవ్ వంటి చిన్న యొడలి పెద్ద పనివాడు ప్రేక్షకులలో గూర్చుండవలసివచ్చును. జపానువారి సుమో కుస్తీలో యోకొజున యను నత్యున్నతపదవి గలదు. ఆ పదవి యొకే కాలమున నలుగురి కుండవచ్చును, ఎవరికిని లేకపోవచ్చును. ఇచ్చిన పిదప దింపరు. శక్తి తగ్గినవాడు తానే తప్పుకొనవలెను. ఏడాదికి ఆరు పోటీలు జరుగును. ప్రతి పోటీకి విజేత వేరుగా నుండవచ్చును. చాళుక్యుల జ్యేష్ఠికునకు ఇతడు దూరపు చుట్టమువలె దోచును.

మన కోడి రామమూర్తినాయుడుగారిని దలపక యీ ప్రసంగము ముగింపజాలను. వీరఘట్టమున బుట్టి, విజయనగరమున సాము నేర్చి, సర్కసు కంపెనీతో దేశమెల్ల దిరిగి, ఛాతిపై ఏనుగు నెక్కించుకొన్న యా మహాబలుడు 1942లో గతించెను. జనము ఆయనను కలియుగభీము డనిరి. ఆ బిరుదును ఆయన యెవ్వరికడనుండియు గెలుచుకొనలేదు, ఎవ్వరికిని పోగొట్టుకొననులేదు. ఇనుపగొలుసులు తెంచువానికి పటకాతో బనిలేదు. అయినను ఆయనను జూచి తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీయ మొదలుపెట్టిన తెలుగు పిల్లలు ఎందఱో!

ఇక మన జిల్లాలో చంద్రగిరి దగ్గరి రంగంపేటకు పోయి కనుమనాటి పశువుల పండుగను జూడుడు. ఎద్దుల కొమ్ములకు పలకలు కట్టి వదలుదురు. అడ్డుపడి కొమ్ములు పట్టి పలక నూడదీసికొన్నవానిదే యా పలక. ఒక మధ్యాహ్నమున నెన్ని పలకలో అందఱు వీరులు. చేతికి జిక్కక దాటిపోయిన యెద్దునకుగూడ పేరే. అంతమందిలో పెద్ద యెవడని తేల్చుటకు మధ్యవర్తి లేడు. విజయనగరపు మహర్నవమిని నేటికిని దసరాగా నిలుపుకొన్న మైసూరులో జెట్టి కులమువారు వజ్రముష్టి పట్టి పోరాడుదురు. తల గొరిగించుకొని, రెండు జతలు అరమనలో నిలిచి, తొలి నెత్తుటిచుక్క తలపై గనబడగానే విడిపోవుదురు. ఆ చుక్క యెవని తలపై గనబడినదో చెప్పుకొనుచు జనము జంబూసవారి చూడబోవుదురు. మరుసటి యేట మరల జెట్టులను బిలిపించి, క్రొత్తగా జోళ్ళు గూర్తురు.